వైద్యం గుమ్మం దాకా వచ్చింది, తలుపు మనమే తీయాలి

(రాయ్‌పూర్‌లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం కాబట్టి మానసిక సమస్యలకు, తాగుడు లాంటి వ్యసనాలకు ఫోను ద్వారా, వీడియో ద్వారా వైద్యం ఎలా అందుతోందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఎంబీఏ చదివినవాడు కదా, స్లైడ్లు చేసుకొస్తాడని అనుకున్నారు. చేశాను కూడా, ఇరవై రెండు స్లైడ్లు. నిన్న రాత్రి మా ఆవిడకు చూపించాను. చివరిదాకా ఓపిగ్గా చూసి, “అన్నీ ఉన్నాయండీ, మీరే లేరు” అంది. అందుకే ఆ స్లైడ్లు ఇంట్లో వదిలేసి వచ్చాను. ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడ, మా అమ్మాయి ఇద్దరూ చెప్పమన్నాకే చెబుతున్నాను.

ఈ వైద్యం సంగతి నాకు పుస్తకాల ద్వారా తెలిసింది తక్కువ. నేను ఈ వైద్యం తీసుకున్న రోగిని.

రెండు తాళాల గది

2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చాను. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. చదువు చెడకూడదని కుటుంబాన్ని అక్కడే ఉంచాను. ఈ ఏర్పాటు ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామందికి అనుభవమే. రెండో శనివారం, నాలుగో శనివారం వస్తే రైలెక్కడం, సోమవారం పొద్దున బ్యాగుతో నేరుగా బ్రాంచికి రావడం.

తాగుడు నాకు అంతకుముందు లేదని చెప్పను. పెళ్ళిళ్ళలో, పదోన్నతి పార్టీల్లో ఉండేది. ఇక్కడికి వచ్చాక అది రాత్రి భోజనంలో భాగమైంది. మొదట్లో ప్రతి రోజుకూ ఒక కారణం ఉండేది. ఒకరోజు మొండి బాకీ, ఒకరోజు ఆడిట్, ఇంకోరోజు పై ఆఫీసు నుంచి ఫోను. ఆరు నెలలు తిరిగేసరికి కారణంతో పని లేకుండా పోయింది.

మన స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు ఉంటాయని పిల్లలకు కూడా తెలుసు. ఇద్దరు అధికారులు కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకరోజు పొద్దున నా తాళంచెవి రంధ్రంలోకి వెళ్ళలేదు. చేయి వణికింది. పక్కనే నిలబడ్డ మా క్యాష్ ఆఫీసరు చూశాడు. ఏమీ అనకుండా నా చేతిలోంచి తాళంచెవి తీసుకోబోయి, నిబంధన గుర్తొచ్చి ఆగిపోయాడు. నా మణికట్టు మెల్లగా పట్టుకున్నాడు. అలా తలుపు తెరిచాం. ఆ సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ మౌనం నాలుగు నెలలు నడిచింది.

2023 మార్చి ముగింపు అయింది. ఏప్రిల్‌లో అమ్మాయి పుట్టినరోజుకు వస్తానని మాట ఇచ్చి, వెళ్ళలేదు. ఫోన్లో ఏడుస్తుందనుకున్నాను. “పర్లేదు నాన్నా, నాకు తెలుసు” అంది. ఏం తెలుసు అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రాత్రే ఇంట్లో ఉన్న సీసాలన్నీ సింకులో పారబోసి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. మంచి పని చేశాననుకున్నాను. నా తాగుడు మొత్తం మీద అంతకంటే ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదని తర్వాత డాక్టరుగారు చెప్పారు.

ఎందుకో అందరూ తెలుసుకోవాలి. రోజూ ఎక్కువగా తాగేవాడి మెదడు మద్యానికి సర్దుకుని ఉంటుంది. హఠాత్తుగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, ఒళ్ళంతా చెమట, గుండె దడ. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే రోజూ తాగే మనిషిని “ఈ క్షణం మానేయ్, నా మీద ఒట్టు” అని ఇంట్లో కూర్చోబెట్టకూడదు. డాక్టరు పర్యవేక్షణలో మాన్పించాలి.

మూడో రాత్రి గోడ మీద చీమల బారు కనిపించింది. మా ఆవిడ ఫోను చేస్తే చీమల గురించే మాట్లాడానట. నాకు గుర్తులేదు. ఆవిడ ఉన్నది విశాఖలో, నేను ఉన్నది రాయ్‌పూర్‌లో. అర్ధరాత్రి పన్నెండున్నర. ఎవరికి చెప్పాలో తెలియక, అమ్మాయి బడిలో ఇచ్చిన కాగితం మీద చూసిన 14416 నంబరుకు ఫోను చేసింది. తెలుగు ఎంచుకుంది. అవతలి మనిషి ఐదారు ప్రశ్నలు అడిగింది. చివరిసారి ఎప్పుడు తాగారు, రోజూ ఎంత తాగేవారు, చెమట పడుతోందా, మాట పొంతన ఉందా, పక్కన ఎవరైనా ఉన్నారా. విని ఇలా అందట: “అమ్మా, ఇది ఫోన్లో చూసే విషయం కాదు. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ ఆయన దగ్గరికి వెళ్ళగలిగినవాళ్ళు ఎవరున్నారో చెప్పండి.”

మా ఆవిడ దగ్గర ఉన్న ఒకే ఒక రాయ్‌పూర్ నంబరు మా క్యాష్ ఆఫీసరుది. ఇరవై నిమిషాల్లో నా గుమ్మంలో ఉన్నాడు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాను.

ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంచుకోమంటే ఇది గుర్తుంచుకోండి. ఫోను వైద్యం నా ప్రాణం కాపాడింది, ఎలాగంటే “ఇది ఫోను వైద్యం కాదు” అని సమయానికి చెప్పి.

ఎక్కడో ఉన్న డాక్టరు, ఎక్కడో ఉన్న రోగి

ఇప్పుడు కాస్త లెక్కల్లోకి వెళ్దాం, బ్యాంకువాళ్ళం కదా.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసిన సర్వే 2019లో వెలువడింది. దేశంలో మద్యం వల్ల సమస్యలు వచ్చి సహాయం అవసరమైనవారు సుమారు 5.7 కోట్లు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మద్యం తాగేవారి శాతంలో అన్ని రాష్ట్రాల కంటే ముందు ఉన్నది మనం ఉంటున్న ఛత్తీస్‌గఢే, 35.6 శాతం. ఇది ఈ నేల మనుషుల్ని తక్కువ చేసే మాట కాదు. మన పాడేరు, అరకు వైపు ఇప్పసారా ఉన్నట్టే ఇక్కడి గిరిజనుల పండుగలో, పెళ్ళిలో, చావులో మహువా ఉంటుంది. ఆచారం వేరు, జబ్బు వేరు. జబ్బు చేసినవాడు డాక్టరు దగ్గరికి ఎలా చేరాలన్నదే ప్రశ్న.

రాష్ట్రానికి ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ దగ్గర సేంద్రీలో ఉంది. రాయ్‌పూర్‌లో టాటీబంద్ దగ్గర ఎయిమ్స్ ఉంది. బస్తర్‌లో జగ్దల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ రావాలంటే కేశ్‌కాల్ ఘాటు దిగి సుమారు 300 కిలోమీటర్లు. కూలి పోతుంది, తోడు ఒక మనిషి రావాలి, నెలనెలా రావాలి. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. ఉన్న కొద్దిమందీ పెద్ద ఊళ్ళలోనే.

ఇలాంటి సమస్య మన బ్యాంకులకూ వచ్చింది. ప్రతి పల్లెలో బ్రాంచి పెట్టలేం. అందుకని ఊళ్ళోనే ఉన్న ఒక మనిషికి శిక్షణ ఇచ్చి, చేతికి ఒక యంత్రం ఇచ్చి, బ్యాంకు మిత్ర అన్నాం. ఖాతాదారు బ్రాంచికి రావడం మాని, బ్రాంచే అతని దగ్గరికి వెళ్ళింది. మానసిక వైద్యంలోనూ ఇదే దారి పట్టారు. అందుకు మంచి ఉదాహరణల్లో ఒకటి మనం ఉన్న ఈ రాష్ట్రమే.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ నిపుణులు ఛత్తీస్‌గఢ్‌లో వెనకబడిన జిల్లాల కౌన్సెలర్లకు మానసిక సమస్యల మీద, వ్యసనాల మీద శిక్షణ ఇచ్చారు. కొంత ఎదురుగా కూర్చోబెట్టి, ఆ తర్వాత నెలల తరబడి ఇంటర్నెట్ ద్వారా. కౌన్సెలర్లు తమ జిల్లాల్లోనే ఉండి, చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోనుతో ఆ క్లాసులో చేరేవారు. తమ దగ్గరికి వచ్చిన కేసు వివరం చెప్పేవారు. నిపుణులూ, మిగతా జిల్లాల కౌన్సెలర్లూ కలిసి చర్చించేవారు. ఆ అనుభవం మీద వ్యాసం 2018లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత చాంప్ అనే పేరుతో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు కూడా ఇలాంటి శిక్షణ ఇచ్చారు. ఈ పద్ధతికి మూలం అమెరికాలో ఉంది. 2003లో న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా అనే మన భారతీయ వైద్యుడు కాలేయ వ్యాధి రోగుల కోసం దీన్ని మొదలుపెట్టారు. రోగుల్ని తన దగ్గరికి రప్పించే బదులు తనకు తెలిసినదాన్ని పల్లె డాక్టర్ల దగ్గరికి పంపారు.

ఇందులో ఒక కిటుకు ఉంది, గమనించండి. ఇక్కడ కెమెరాను డాక్టరుకూ రోగికీ మధ్య పెట్టలేదు. పెద్ద డాక్టరుకూ ఊరి డాక్టరుకూ మధ్య పెట్టారు. సిగ్నలు లేని ఊరి రోగికి వీడియో కాల్ దేనికి పనికొస్తుంది? అతనికి కావలసింది తన భాషలో, తన సంతలో కనిపించే మనిషి. ఆ మనిషికి మాత్రం సిగ్నలు ఉన్నచోట నేర్చుకునే దారి ఉంటే చాలు.

మన తెలుగు నేల మీదా ఇలాంటి ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి దిగులు, ఆందోళన గురించి కొన్ని ప్రశ్నలు అడిగేవారు. అవసరమున్నవారి వివరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చేరేది. తమిళనాడులో స్కార్ఫ్ సంస్థ 2010 ప్రాంతంలోనే పుదుక్కోట్టై జిల్లాలో ఒక బస్సులో వీడియో పెట్టి, చెన్నైలోని డాక్టర్లతో పల్లె రోగుల్ని మాట్లాడించింది.

అంటే కొవిడ్ రాకముందే విత్తనం పడింది. కొవిడ్ వచ్చి మొక్కను ఒక్కసారిగా మానును చేసింది.

2020 మార్చి 25

ఆ తేదీ లాక్‌డౌన్ మొదటి రోజుగా మనందరికీ గుర్తు. ఆ రోజే దేశంలో టెలీ వైద్యానికి మొదటిసారి స్పష్టమైన మార్గదర్శకాలు వెలువడ్డాయి. లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలూ మూతపడ్డాయి. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మద్యం, కల్లు దొరక్క మతి చలించినవాళ్ళు ఆ వారంలో బారులు తీరారు. అంతకుముందు మన రాష్ట్రంలో 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించిన గొప్ప చరిత్ర ఉంది. దుకాణం మూస్తే చాలామంది బాగుపడ్డారు. కానీ ఒంట్లోకి జబ్బుగా దిగిపోయినవాడికి దుకాణం మూయడంతోపాటు ఆస్పత్రి తలుపు తెరవాలని ఆ లాక్‌డౌన్ నేర్పింది.

సరిగ్గా ఆ సంవత్సరం జనవరిలో రిజర్వు బ్యాంకు మనకు వీడియో కేవైసీకి అనుమతి ఇచ్చింది. ఎదురుగా లేని మనిషిని అతనే అని ఎలా నమ్మాలి, అతని మాట స్వేచ్ఛగా వస్తోందా, పక్కనుంచి ఎవరైనా చెప్పిస్తున్నారా, ఇలాంటి ప్రశ్నలతో మనం తల పట్టుకున్న రోజులు గుర్తున్నాయా? డాక్టర్లకూ అవే ప్రశ్నలు ఎదురయ్యాయి. వాళ్ళు తమ పద్ధతులు ఎలా మార్చుకున్నారో నేను రోగిగా చూసింది చెబుతాను.

ఒకటి. ప్రతిసారీ మొదటి నిమిషంలో “మీరిప్పుడు ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు” అని అడుగుతారు. మొదట్లో నాకు విసుగనిపించేది. మాట్లాడుతూ మాట్లాడుతూ రోగి ప్రాణం మీదికి తెచ్చుకునే మాట అంటే, సాయం ఏ చిరునామాకు పంపాలి? అందుకే చిరునామా, దగ్గరి మనిషి ఫోను నంబరు ముందే రాసి పెట్టుకుంటారు.

రెండు. గుట్టు. ఆస్పత్రి గదికి తలుపు ఉంటుంది. ఇంట్లో? అత్తగారు పక్క గదిలో ఉంటే కోడలు తన దిగులు ఎలా చెబుతుంది? అందుకని చెవికి హెడ్‌ఫోను పెట్టుకోమంటారు, ప్రశ్నలు అవును కాదు అనే జవాబు సరిపోయేలా అడుగుతారు. ఎవరైనా గదిలోకి వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు ముందే అనుకుంటారు. నేను కొన్నాళ్ళు తెలీబాంధా చెరువు గట్టు మీద, కారులో కూర్చుని మాట్లాడాను.

మూడు. మందులు. 2020 మార్గదర్శకాల ప్రకారం టెలీ వైద్యంలో ఏ మందు రాయవచ్చో జాబితాలున్నాయి. మత్తు మందుల చట్టం కిందికి వచ్చేవి రాయకూడదని నిషేధం ఉంది. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నల్లమందు, హెరాయిన్ లాంటివాటికి అలవాటుపడ్డవారికి ఇచ్చే బుప్రెనార్ఫిన్ లాంటి మందు విషయంలో దేశాలు రకరకాలుగా సర్దుకున్నాయి. కొవిడ్ వేళ అమెరికాలో ఆ మందును ఫోను సంప్రదింపుతోనే మొదలుపెట్టనిచ్చారు. మన దగ్గర రోజూ కేంద్రానికి వచ్చి సిబ్బంది ఎదుట వేసుకోవలసిన ఆ మందును, స్థిరంగా ఉన్న రోగులకు కొన్ని రోజులకు సరిపడా ఇంటికి ఇచ్చారు. నమ్మకం ఎంత, జాగ్రత్త ఎంత అన్న తూకం మనకు అప్పు ఇచ్చేటప్పుడు తెలిసిందే.

నాలుగు. కుటుంబం. దీనికి మళ్ళీ నా కథలోకి రావాలి.

కెమెరాకు ముక్కు లేదు

ఆస్పత్రి నుంచి వచ్చాక రెండు వారాలకొకసారి రమ్మన్నారు. మొదటిసారి వెళ్ళాను. వరసలో నా ముందు మా బ్రాంచి ఖాతాదారు కూర్చుని ఉన్నాడు. అతనూ నన్ను చూశాడు. ఇద్దరం పరిచయం లేనట్టు నటించాం. ఇక నేను వెళ్ళలేదు. ఇంకో కారణం కూడా ఉంది. నాకు హిందీ వచ్చు. హిందీలో లోను ఇస్తాను, వసూలు చేస్తాను. కానీ మా నాన్న చనిపోయినప్పుడు నేను ఏడవలేదన్న సంగతి హిందీలో చెప్పబోతే అది ఆఫీసు ఉత్తరంలా వచ్చింది.

అప్పుడు మా ఆవిడ విశాఖలో ఒక సైకాలజిస్టును వెతికింది. వీడియోలో, తెలుగులో, ప్రతి గురువారం రాత్రి ఎనిమిదికి. మందులు రాయ్‌పూర్ డాక్టరువి, మాట విశాఖది. పరాయి రాష్ట్రంలో ఉన్న మనలాంటివాళ్ళకు టెలీ వైద్యం చేసిన పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం. దూరం తగ్గించడం ఒక ఎత్తు, భాషను తెచ్చి ఇవ్వడం ఒక ఎత్తు.

రెండు నెలలు బాగా గడిచింది. జూన్ నెలాఖరులో త్రైమాసిక ముగింపు ఒత్తిడిలో మళ్ళీ తాగాను. ఆ గురువారం మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గ్లాసు టేబుల్ కింద పెట్టి వీడియోలో కూర్చున్నాను. “బాగున్నాను మేడం” అన్నాను. కెమెరాకు కళ్ళు ఉన్నాయి, చెవులు ఉన్నాయి, ముక్కు లేదు. మూడు వారాలు అలా నడిపాను. ఎదురుగా కూర్చుని ఉంటే మొదటి రోజే దొరికిపోయేవాణ్ణి. ఈ వైద్యానికి ఉన్న పెద్ద లోపం ఇది.

నాలుగో వారం ఆవిడ మామూలుగా అన్నారు: “సార్, వచ్చే వారం నుంచి పొద్దున ఏడున్నరకు కలుద్దామా? మీకు అభ్యంతరం లేకపోతే ఇంటావిడగారిని కూడా కాల్‌లో కలుపుకుందాం.” కాదనలేకపోయాను. పొద్దున ఏడున్నరకు కాల్. మా ఆవిడ ఒక చదరంలో, ఆవిడ ఒక చదరంలో, నేను ఒక చదరంలో. “రెండు చేతులూ ముందుకు చాపి చూపించండి సార్” అన్నారు. చాపాను. రాత్రి ఎనిమిదికి దాగిన వణుకు పొద్దున ఏడున్నరకు దాగలేదు.

మా ఆవిడ ఏమీ అనలేదు. తెర మీద తన చదరంలోంచి లేచి వెళ్ళిపోయింది. ఒక నిమిషం ఖాళీ కుర్చీ కనిపించింది. ఆ నిమిషం నాకు తొమ్మిది రోజుల ఆస్పత్రి కంటే పొడుగు. తిరిగొచ్చి కూర్చుని, “చెప్పండి మేడం, ఇప్పుడేం చేద్దాం” అంది. ఆవిడ నన్ను తిట్టలేదు. మళ్ళీ తాగడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి, దాచడం కూడా అంతే అన్నారు. సొంతంగా మానొద్దని చెప్పి, అదే రోజు రాయ్‌పూర్ డాక్టరు దగ్గరికి పంపారు.

ఆ తర్వాత ముగ్గురం కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాం. వారానికొకసారి వీడియో. నెలకొకసారి ఇక్కడి ల్యాబులో కాలేయం రక్త పరీక్ష, ఆ రిపోర్టు ఇద్దరు డాక్టర్లకూ వెళ్తుంది. మూడు నెలలకొకసారి ఎదురుగా వెళ్ళి కనబడాలి. నెలలో ఒకరోజు మా ఆవిడ ఒక్కతే సైకాలజిస్టుతో మాట్లాడుతుంది, ఏం మాట్లాడిందో నేను అడగకూడదు. లేని ముక్కుకు బదులు ఇవన్నీ. మనం ఒక నియంత్రణ పనిచేయకపోతే ఇంకొకటి పెట్టుకున్నట్టే. 2023 ఆగస్టు నుంచి ఇవాళ్టి దాకా తాగలేదు. రెండేళ్ళు దాటింది. రేపటి మాట రేపు చెబుతాను.

ఇంటికి పట్టుకెళ్ళవలసినవి

భోజనాల వేళ అవుతోంది. నాలుగు పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను.

14416 టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బు కట్టనక్కరలేదు, పగలూ రాత్రీ ఎత్తుతారు. 20 భాషలున్నాయి, తెలుగు ఒకటి. 2025 నాటికి వచ్చిన కాల్స్ 20 లక్షలు దాటాయి. తాగుడుకు, మత్తు మందులకు ప్రత్యేకంగా 14446 ఉంది. రోగి చేయనక్కరలేదు, మీరు చేయవచ్చు. మా ఇంట్లో చేసింది నేను కాదు కదా. అయితే మూర్ఛ, మతి తప్పడం, ప్రాణం తీసుకుంటానన్న మాట, ఇవి ఎదురైతే మనిషిని ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

భోజనంలో, కాఫీలో రహస్యంగా మాత్ర కలిపి తాగుడు మాన్పించవచ్చని ఎవరైనా చెబితే వినకండి. డైసల్ఫిరామ్ లాంటి మందు కడుపులో ఉండగా తెలియక తాగితే ప్రాణాంతకం కావచ్చు. అది రోగికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెబితే వాడేది.

ఆన్‌లైన్‌లో డాక్టరునంటూ కనిపించిన ప్రతివాడినీ నమ్మకండి. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ముందే ఏడాదికి డబ్బు కట్టమంటే, గ్యారంటీ ఇస్తే, ఓటీపీ అడిగితే ఏం చేయాలో బ్యాంకు ఇంటివాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

ఆఫీసులో తెలిస్తే ఏమవుతుందన్న భయం నాకూ ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గుట్టుగా ఉంచడాన్ని హక్కు చేసింది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బుకూ బీమా ఇవ్వాలని చెప్పింది. మీ పాలసీ కాగితం ఒకసారి తీసి చదవండి. పెళ్ళిళ్ళ ఆల్బం కంటే తక్కువ పేజీలే ఉంటాయి.

ఈ జూన్‌లో మా కుటుంబం రాయ్‌పూర్ వచ్చేసింది. అమ్మాయి పదకొండో తరగతి ఇక్కడే చదువుతోంది. ఈ మధ్య ఒకరోజు, ఆ పుట్టినరోజున “నాకు తెలుసు” అన్నావే, ఏం తెలుసమ్మా అని అడిగాను. “నువ్వు రావని తెలుసు. అమ్మకు కూడా తెలుసు. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోలేదు అంతే” అంది.

స్ట్రాంగ్ రూములో నా మణికట్టు పట్టుకున్న ఆ క్యాష్ ఆఫీసరు ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు. ఆ రోజే నన్ను అడిగి ఉంటే బాగుండేదని అతను చాలాసార్లు బాధపడ్డాడు. నేను చెప్పి ఉంటే బాగుండేదని నేనూ అనుకుంటాను. అందుకే మీ అందరినీ ఒకటి కోరుతున్నాను. మీ ఇంట్లోనో, మీ పక్క సీట్లోనో ఎవరి చేయి వణుకుతున్నా, ఎవరి మాట తగ్గిపోయినా నాలుగు నెలలు ఆగకండి. అడగండి. ఫోను అందరి జేబులో ఉంది, అవతల ఎత్తే మనిషి ఉంది. నంబరు నొక్కవలసింది మనం.

 భోజనాల దగ్గర కలుద్దాం. ఎవరైనా నాతో విడిగా మాట్లాడాలనుకుంటే మొహమాటపడకండి, చేతులు కడుక్కునే చోట చివరిదాకా నిలబడి ఉంటాను.